పరీక్ష రాసింది హైదరాబాదులో, నేలను చదివింది మేఘాలయలో

ఊరెళ్లిన ప్రతిసారీ అగ్రికల్చర్ బీఎస్సీ చదివే పిల్లలు ఇద్దరో ముగ్గురో ఇంటికొస్తారు. ఏఓ, అంటే వ్యవసాయాధికారి పోస్టు సంగతి వాళ్లకు తెలుసు, బ్యాంకుల్లో వ్యవసాయాధికారి పరీక్ష తెలుసు, సివిల్స్‌కి ఏ ఆప్షనల్ తీసుకోవాలో కూడా తెలుసు. ఏఆర్‌ఎస్, అంటే అగ్రికల్చరల్ రీసెర్చ్ సర్వీస్ మాటెత్తితే మాత్రం "అది చాలా కష్టమంట కదక్కా, ఎక్కడెక్కడో వేస్తారంట కదా" అంటారు. రెండూ నిజమే. అంతకు మించి చెప్పేవాళ్లు దొరకరు కాబట్టి నేను వచ్చిన దారి ఉన్నదున్నట్టు రాస్తున్నా.

అగ్రికల్చరల్ రీసెర్చ్ సర్వీస్ అంటే భారత వ్యవసాయ పరిశోధన మండలి, అంటే ఐసీఏఆర్ కింద దేశమంతటా ఉన్న సంస్థల్లో పనిచేసే శాస్త్రవేత్తల సర్వీసు. మన హైదరాబాదులోనే వరికి, నూనెగింజలకు, చిరుధాన్యాలకు వేరువేరు సంస్థలున్నాయి. సంతోష్‌నగర్‌లో మెట్ట వ్యవసాయానికి క్రీడా (CRIDA) అనే సంస్థ ఉంది. ఏలూరు పక్కన పెదవేగిలో ఆయిల్‌పామ్ సంస్థ ఉంది. కటక్, జోధ్‌పూర్, సిమ్లా, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్‌బ్లెయిర్ దాకా ఇలాంటివి పరుచుకుని ఉన్నాయి. వీటన్నిటికీ శాస్త్రవేత్తలను ఎంపిక చేసేది ఏఎస్‌ఆర్‌బీ, అంటే వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి. రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయాల పోస్టులు వేరే లెక్క. బాపట్లలో పుట్టిన సాంబమసూరి, మార్టేరులో పుట్టిన స్వర్ణ వరి రకాలు మన రాష్ట్ర విశ్వవిద్యాలయం వాళ్ల కష్టం. మన రాష్ట్రంలోనే ఉండి మన పంటల మీదే పనిచేయాలనుకునేవాళ్లకు ఆ దారి మంచిది. ఏఆర్‌ఎస్‌లో చేరినవాళ్లని సబ్జెక్టును బట్టి, ఖాళీని బట్టి దేశంలో ఎక్కడికైనా పంపుతారు.

మాది పర్చూరు వైపు నల్లరేగడి. నాన్న కొంత సొంతం, కొంత కౌలు కలిపి పత్తి, శనగ, మిరప వేసేవాడు. కౌలు చెక్కలో ఒక మూల చౌడు. ఎంత ఎరువేసినా అక్కడ మొక్క మొలిచి మాడిపోయేది. బాపట్లలో రెండో ఏడు చదివేటప్పుడు సాయిల్ సైన్స్ మేడం ఆ సంగతి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది. సోడియం ఎక్కువైతే బంకమట్టి రేణువులు విడివిడిగా చెదిరి నేల బిగుసుకుపోతుందని, జిప్సంలో ఉన్న కాల్షియం ఆ సోడియాన్ని పక్కకి తోస్తుందని, తోసిన సోడియం నీళ్లతోపాటు దిగిపోయే దారి లేకపోతే జిప్సం వేసినా దండగేనని. ఆ సెలవుల్లో నాన్నను ఒప్పించి ఆ మూల చుట్టూ కాలవ తీయించాను. జిప్సం చల్లి, నీళ్లు నిలగట్టి దింపాం. మొదట జీలుగ లేచింది, తర్వాత జొన్న నిలిచింది. ఎమ్మెస్సీకి సాయిల్ సైన్స్ తీసుకోవాలని అప్పుడే అనుకున్నాను. రాజేంద్రనగర్‌లో సీటొచ్చింది. వరిలో జింకు లోపం మీద థీసిస్ చేశాను.

నా రోజుల్లో ఎమ్మెస్సీతోనే ఏఆర్‌ఎస్ రాయొచ్చు. ఇప్పుడు పీహెచ్‌డీ అడుగుతున్నారు. ప్రిలిమ్స్‌లో 150 ప్రశ్నలు, తప్పు జవాబుకి మూడో వంతు మార్కు కోత. అది దాటితేనే మెయిన్స్. మెయిన్స్ 240 మార్కులకి, చేత్తో రాసే పరీక్ష. ఇంటర్వ్యూ 60. ప్రిలిమ్స్ మార్కులు చివరి లెక్కలో కలవవు, లోపలికి రానివ్వడం వరకే వాటి పని. పీజీ హాస్టల్లో సీనియర్లు చేతులు మారుస్తూ దాచిన నోట్సులుండేవి. వాటిలో సగం పాత ప్రశ్నలు. ఆ నోట్సులు ప్రిలిమ్స్ దాటిస్తాయి. మెయిన్స్‌లో మాత్రం ఒక విషయాన్ని మొదటినుంచి చివరిదాకా చెప్పగలగాలి, అదీ గడియారం చూసుకుంటూ. నేల భాస్వరాన్ని కొలిచే ఓల్సన్, బ్రే పద్ధతుల తేడా గురించి మెయిన్స్‌లో రాసినట్టు బాగా గుర్తు. మా ల్యాబ్‌లో మేం వాడేది ఓల్సన్ ఒక్కటే, క్షార నేలలకు అదే సరైనది. బ్రే పద్ధతి ఆమ్ల నేలలకు. ఆ ద్రావణం నేను చేత్తో కలిపింది లేదు, పుస్తకంలో చదివిందే రాశాను.

ఇంటర్వ్యూ ఢిల్లీలో, పూసా క్యాంపస్‌లో ఉన్న కృషి అనుసంధాన్ భవన్‌లో జరిగింది. బోర్డులో మా సబ్జెక్టు పెద్దలు కూర్చున్నారు. థీసిస్ గురించి రెండు ప్రశ్నలు అయ్యాక ఒక పెద్దాయన "మీ ఊరి నేల ఏ రంగు?" అన్నారు.

"నలుపు సార్."

"అయితే సేంద్రియ పదార్థం దండిగా ఉందన్నమాట."

"లేదు సార్. మా నేలల్లో సేంద్రియ కర్బనం అర శాతం దాటడమే గగనం. ఉన్న కొద్దిపాటి హ్యూమస్ బంకమట్టిని గట్టిగా పట్టుకుని ఉంటుంది, ఆ నలుపు అలా వస్తుంది."

ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. ఆ తర్వాత ఇంటర్వ్యూ అంతా మా కౌలు చెక్క మీదే నడిచింది. ఎంత జిప్సం వేశారు, ఆ లెక్క ఎవరు చెప్పారు, నీళ్లు ఎటు దించారు, పక్క పొలం వాళ్లు ఒప్పుకున్నారా. పక్క పొలం వాళ్లు ఒప్పుకోలేదు, నాన్న వెళ్లి మాట్లాడి పైపు వేయించాడు. అదీ చెప్పాను. ఈ పరీక్షకి సిద్ధమయ్యే పిల్లలకి ఒక మాట చెబుతాను. థీసిస్ పట్టికలు ఎంత బాగా గుర్తుంటాయో, మీ ఇంటి చుట్టూ ఉన్న పంటా నేలా అంత బాగా గుర్తుండాలి. తెలిసిన పెద్దవాళ్లు అక్కడే తవ్వుతారు.

సెలక్షన్ తర్వాత మొదటి చిరునామా రాజేంద్రనగర్‌లోని నార్మ్, అంటే జాతీయ వ్యవసాయ పరిశోధన యాజమాన్య అకాడమీ. కొత్తగా చేరిన ఏఆర్‌ఎస్ వాళ్లందరికీ ఫౌండేషన్ కోర్సు అక్కడే, మూడు నెలలు. నా గదిలో మణిపూర్ నుంచి వచ్చిన ఫిషరీస్ అమ్మాయి, పక్క గదిలో హర్యానా నుంచి వచ్చిన పశుపోషణ శాస్త్రవేత్త, ఎదురుగా కేరళ నుంచి వచ్చిన కీటకశాస్త్రం ఆవిడ. మెస్‌లో అన్నం గిన్నె దగ్గర మేం ముగ్గురం, చపాతీ దగ్గర హర్యానా ఆవిడ ఒక్కతే.

మొదటి వారంలో ఒక క్లాసు నన్ను చాలాకాలం వదల్లేదు. ఈ సర్వీసు ఎందుకు పుట్టిందో చెప్పిన క్లాసు అది. 1975కి ముందు శాస్త్రవేత్తకి పైమెట్టు కావాలంటే పైన పోస్టు ఖాళీ అవ్వాలి, దానికి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఖాళీ వేరే సబ్జెక్టులో ఉంటే ఉన్న పని వదిలి అటు దూకాలి. గోధుమ మీద పదేళ్లు చేసినవాడు జీతం కోసం ఇంకో పంటకి పోవడం మామూలైపోయింది. 1972లో ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో ఒక యువ శాస్త్రవేత్త ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ విషయం పార్లమెంటుదాకా వెళ్లింది. సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి పి.బి. గజేంద్రగడ్కర్ అధ్యక్షతన వేసిన సంఘం నియామకాలూ పదోన్నతుల తీరు మార్చమంది. 1973లో ఏఎస్‌ఆర్‌బీ, 1975లో ఏఆర్‌ఎస్ వచ్చాయి. మేం కూర్చున్న అకాడమీ 1976లో వచ్చింది. ఖాళీ కోసం ఎదురుచూడకుండా, చేసిన పనిని అంచనా వేసి ఉన్నచోటే పై మెట్టు ఇచ్చే పద్ధతి అప్పుడు వచ్చింది. ఒకే పంట మీద, ఒకే నేల మీద జీవితమంతా పనిచేయడానికి వీలు కల్పించిన ఏర్పాటు ఇది. దాని వెనక ఒక మనిషి ప్రాణం ఉందని ఈ సర్వీసులో చేరే ప్రతివాళ్లకీ తెలిసి ఉండాలని నా అభిప్రాయం.

మిగతా క్లాసుల్లో ప్రాజెక్టు రాయడం, పేటెంట్లు, మొక్కల రకాల పరిరక్షణ చట్టం, ఆఫీసు నియమాలు ఉండేవి. అవన్నీ అవసరమే, వాటి గురించి ఎక్కువ చెప్పను. గణాంకశాస్త్రం సారు మాత్రం ఒకరోజు కంప్యూటర్లు మూయించి మమ్మల్ని బయటికి తీసుకుపోయి, ఒక వాలు నేల చూపించి, ఇక్కడ ప్రయోగం వేస్తే బ్లాకులు, అంటే ఒకదానితో ఒకటి పోల్చి చూసే మడుల గుంపులు, ఎటు పెడతారో కర్రలు పాతి చూపించమన్నారు. సగం మంది వాలు వెంట నిలువుగా పాతారు. అలా పాతితే ఒకే బ్లాకులో పైన పలుచటి నేల, కింద లోతు నేల పడతాయి, ఎరువు చేసిన తేడా ఏదో నేల చేసిన తేడా ఏదో ఎప్పటికీ తేలదు. బ్లాకు వాలుకి అడ్డంగా ఉండాలి. ఈ సంగతి పుస్తకంలో అందరం చదివినదే. కర్ర చేతికిచ్చి నేల మీద నిలబెడితే అర్థమైన తీరు వేరు. తర్వాత నా ఉద్యోగమంతా వాలు నేలల్లోనే గడవబోతోందని అప్పటికి తెలియదు.

ఆ తర్వాత మూడు వారాలు పల్లెలో. వేరువేరు రాష్ట్రాల, వేరువేరు సబ్జెక్టుల వాళ్లని కలిపి జట్లుగా చేసి ఊళ్లకు పంపుతారు. మా జట్టుకి పాలమూరు వైపు ఒక ఊరొచ్చింది. తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి అడిగే నోరూ వినే చెవీ జట్టంతటికీ నేనే. అయినా వాళ్ల తెలుగు వేరు, నా తెలుగు వేరు. మొదటి రెండు రోజులు నేనూ చెవులు రిక్కించుకునే ఉండాల్సి వచ్చింది.

ఊరి పటం ఊరివాళ్లతోనే గీయించడం ఆ శిక్షణలో మొదటి పని. పంచాయతీ ముందు మట్టిలో ముగ్గుపిండితో మగవాళ్లు గీశారు. దారులు, బడి, గుడి, ఇళ్లు, ఆ తర్వాత బోర్లు. ఎవరి బోరు ఎక్కడుందో, ఏది ఎండిందో, ఏది పోస్తోందో అన్నీ వివరంగా పెట్టారు. ఒక పెద్దావిడ గోడకానుకుని అంతా చూస్తోంది. పటం అయిపోయిందని అందరూ లేస్తుంటే ఆవిడ ముందుకొచ్చింది.

"గిట్ల కాదు బిడ్డా. చెర్వు అలుగు గీ దిక్కు పారుతది. గా కుంట నిండినంకనే మన బోర్లల్ల నీళ్లొస్తయ్. కుంటే లేదాయె మీ పటంల."

ఆవిడే చిటికెడు ముగ్గు తీసుకుని చెరువు, అలుగు, కాలువ, కుంట గీసింది. కుంట పూడిపోయి చాలా ఏళ్లయిందట, చిన్నపిల్లలకి అక్కడ కుంట ఉందనే తెలియదు. దాని కింద ఉన్న బోర్లే పటంలో ముందు ఎండినవి. భూగర్భజలం గురించి మా జట్టులో ఎవరం ఎంత చదివినా, ఆ ఊళ్లో నీళ్ల సంగతి ఆవిడ వేసిన నాలుగు గీతలతోనే తెలిసింది. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీసి ఆ మట్టి పొలాలకి తోలుతున్నారని పేపర్లో చదివినప్పుడు నాకు ముందు ఆవిడే గుర్తొచ్చింది.

పత్తి, జొన్న, ఆముదాల్లో ఏది ఎందుకు మేలో చింతగింజలతో లెక్కగట్టించాం. ఒక్కో గుణానికి ఒక్కో గడి, ఎంత మేలైతే అన్ని గింజలు. మగవాళ్లు పత్తి డబ్బు గడిలో గింజలు గుమ్మరించారు. ఆడవాళ్లు విడిగా వేసినప్పుడు సొప్ప, అంటే పశువులు మేసే ఎండు కాడలు, అనే గడి వాళ్లే అడిగి పెట్టించుకుని, జొన్నకి గుప్పెడు పోశారు. సొప్ప లేకనే ఎడ్లను అమ్మామని, ఎడ్లు పోయాక ఎరువు పోయిందని, ఇప్పుడు దున్నడానికి కిరాయి ట్రాక్టర్ కోసం ఎదురుచూస్తున్నామని చెప్పారు. పొట్టి హైబ్రిడ్ జొన్న గింజ ఎక్కువిస్తుంది, సొప్ప తక్కువిస్తుంది. దిగుబడి పట్టికలో గింజకే గడి ఉంటే సొప్ప ఎవరికీ కనపడదు. హర్యానా స్నేహితురాలు ఆ రాత్రి తన నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు రాసుకుంది. తర్వాత ఆమె పెట్టిన మొదటి ప్రాజెక్టు పంట మిగులు మేత మీదే.

కోర్సు చివరి వారాల్లో పోస్టింగుల జాబితా వచ్చింది. నాకు ఉమియం. ఈశాన్య కొండ ప్రాంతాలకి ఐసీఏఆర్ 1975లో పెట్టిన పరిశోధన సంస్థ, మేఘాలయలో గువాహటి నుంచి షిల్లాంగ్ వెళ్లే దారిలో, పెద్ద చెరువు పక్కన ఉంటుంది. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ముందు ఏడ్చింది, తర్వాత అక్కడ అన్నం దొరుకుతుందా అని అడిగింది. దొరుకుతుంది, వాళ్లూ మూడు పూటలా అన్నమే తింటారని చెప్పాక కాస్త కుదుటపడింది.

చేరిన వారంలో ఫారం మట్టి తెచ్చి ఉదజని సూచిక, అంటే పీహెచ్ చూశాను. మీటరు ఐదుకి కింద ఆగింది, ఆమ్ల నేల. మా ఊరి నేల ఎనిమిది పైన ఉంటుంది, క్షార నేల. అంటే నేను నేర్చుకున్నదంతా అటు పక్క నుంచి ఇటు పక్కకి తిరగేసి చూసుకోవాలి. అక్కడ సోడియం శత్రువు, ఇక్కడ అల్యూమినియం. సూచిక ఐదున్నర కన్నా తగ్గితే నేలలో కరిగిన అల్యూమినియం వేళ్ల కొసల్ని మొద్దుబారుస్తుంది. అక్కడ భాస్వరాన్ని కాల్షియం పట్టేసుకుంటుంది, ఇక్కడ ఇనుము, అల్యూమినియం పట్టేసుకుంటాయి. ల్యాబ్‌లో నాకు మొదటగా చెప్పిన పని బ్రే ద్రావణం కలపమని. మెయిన్స్‌లో సిరాతో రాసింది ఇప్పుడు చేత్తో చేయాలి.

లోయలో వరి మడుల దగ్గర ఇంకో సంగతి. ఆకుల మీద తుప్పురంగు మచ్చలు, నా థీసిస్‌లో చూసిన జింకు లోపం లాగే. ఫారంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్న ఫీల్డ్ అసిస్టెంట్ ఒకావిడ ఉంది. అక్కని పిలిచినట్టు అక్కడ అందరూ పిలిచేలా నేనూ ఆవిణ్ని కాంగ్ అనేదాన్ని. ఆవిడ మడి గట్టు దగ్గర నీళ్ల మీద తేలుతున్న నారింజ రంగు తెట్ట చూపించింది. కొండ మీంచి దిగే ఊటనీళ్లు ఇనుము మోసుకొస్తాయి. ఆ మచ్చలు ఇనుము ఎక్కువై వచ్చినవి. ఆ నీళ్లు లోపలికి రాకుండా పైగట్టు వెంబడి కాలవ తీస్తే వరి తేరుకుంటుందని కాంగ్ చెప్పింది, తీసి చూపించింది. ఆకు మీద రంగు ఒకటే. నా థీసిస్ మడుల్లో అది లోటుకి గుర్తు, ఇక్కడ మితిమీరినదానికి గుర్తు.

రెండో ఏడు ప్రొబేషన్‌లోకి వచ్చేసరికి కొండవాలు సాగు మీద ప్రాజెక్టు పెట్టుకున్నాను. అక్కడి రైతులు బున్ అని ఒక పద్ధతిలో బంగాళాదుంప, అల్లం వేస్తారు. ఎండిన కొమ్మలు, గడ్డి వాలులో వరసలుగా పేర్చి, పైన మట్టి కప్పి, లోపల్లోపల నిదానంగా కాలుస్తారు. ఆ గట్ల మీద పంట. బయటినుంచి వచ్చినవాళ్లు దీన్ని చూడగానే సేంద్రియ పదార్థం తగలేస్తున్నారంటారు. నత్రజని గాల్లో పోవడం, గట్లు వాలు వెంట ఉండడంతో మట్టి కోసుకుపోవడం నిజమే. అయితే ఆ బూడిద ఏం చేస్తోందో కొలిచి చూస్తే, నేల ఆమ్లం తగ్గుతోంది, పొటాష్ అందుతోంది, బిగుసుకున్న భాస్వరం కొంత విడుదలవుతోంది. రైతు సున్నం పని బూడిదతో చేయించుకుంటున్నాడు. కాల్చొద్దని చెప్పాలంటే ఆ పని చేసే ఇంకో వస్తువు ఆమె చేతిలో పెట్టాలి. ఆమె అనే అనాలి, ఎందుకంటే నేను వెళ్లిన ఖాసీ ఇళ్లలో ఇల్లు కడగొట్టు కూతురికి దక్కుతుంది, షిల్లాంగ్ పెద్ద బజారులో అమ్మేదీ ఎక్కువగా ఆడవాళ్లే.

సున్నపురాయికి మేఘాలయలో కొదవ లేదు. నేలంతా చల్లి సరిచేయాలంటే హెక్టారుకి టన్నుల కొద్దీ కావాలి. అందుకని మా సంస్థ ఎప్పట్నుంచో చెబుతున్నది చాళ్లలో వేసే పద్ధతి, హెక్టారుకి 250 నుంచి 500 కిలోలు, విత్తనం పడే చోట మాత్రమే, ఏటా. నా ప్రయోగంలో మోతాదులు కాగితం మీద గీసుకుని కాంగ్‌కి చూపించాను. ఆవిడ అడిగిన ప్రశ్న ఒకటే: "ఎన్ని ఖోహ్‌లు?" ఖోహ్ అంటే నుదుటికి పట్టీ తగిలించి వీపున మోసే శంఖు ఆకారపు వెదురుబుట్ట. ఆ కొండకి బండి పోదు. సున్నమైనా పెంటైనా బుట్టలోనే ఎక్కాలి. ఇద్దరం ఒక బుట్ట సున్నం తూకం వేశాం. ఒక మనిషి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎన్ని బుట్టలు ఎక్కించగలదో పొలంలో చూశాం. అప్పుడు మోతాదులు మళ్లీ రాసుకున్నాను, కిలోలతోపాటు బుట్టల లెక్క కూడా పక్కన వేసి. సంస్థ పరిశోధన కమిటీలో ప్రాజెక్టు పెట్టినప్పుడు మెచ్చుకున్నది ఆ బుట్టల గడినే.

మధ్యలో మూడు నెలలు వృత్తి శిక్షణకి భోపాల్‌లోని భారత మృత్తికా శాస్త్ర సంస్థకి పంపారు. దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలని దేశమంతా 1970 నుంచి నడుస్తున్నాయి. ఏటా అదే మడిలో అదే ఎరువు, అదే పంట. మన జగిత్యాలలో కూడా ఒక కేంద్రం ఉంది, వరి తర్వాత వరి. వాటి రికార్డులు తిరగేస్తుంటే చేతిరాతలు మారుతూ వచ్చాయి. మొదలుపెట్టినవాళ్లు రిటైరైపోయారు, తర్వాతివాళ్లూ అయిపోతున్నారు, మడి మాత్రం అలాగే ఉంది. నత్రజని ఒక్కటే వేస్తూ పోతే ఏమవుతుందో, పశువుల ఎరువు కలిపితే ఏమవుతుందో రెండు మూడేళ్లలో తెలిసే విషయాలు కావు. ఇలాంటి పని ఏ కంపెనీ చేయదు, చేస్తే లాభం లేదు. ప్రభుత్వమే చేయాలి. చేయాలంటే మనుషులు తెగకుండా రావాలి.

నియామకాల గురించి నా మనసులో ఉన్న మాట ఇదే. ఒక ఏడు నోటిఫికేషన్ తప్పితే పోయేది ఒక ఏడు ఉద్యోగాలే అనుకుంటాం. పరీక్ష కోసం కూర్చున్న పిల్లల వయసు పోతుంది, ఇది ఇళ్లలో అందరికీ కనపడుతుంది. కనపడనిది ఇంకొకటుంది. ప్రయోగం తెలిసిన మనిషి రిటైరై, తెలుసుకోవాల్సిన మనిషి ఇంకా రాకపోతే, ఆ మడి గురించి కాగితాల్లో రాయని సంగతులన్నీ ఆయనతోపాటే ఇంటికెళ్లిపోతాయి. ఏ గట్టు ఏ ఏడు తెగింది, ఏ మూల నీళ్లు నిలుస్తాయి, ఏ ఏడు దిగుబడి ఎందుకు పడిపోయింది. కొత్తవాళ్లు వచ్చి కనీసం రెండు పంటలు పాతవాళ్లతో కలిసి పొలంలో నిలబడాలి. అందుకని ఏటా కొద్దిమందినైనా సరే, ఆగకుండా తీసుకోవాలని గట్టిగా నమ్ముతాను.

ఇంకొకటి పల్లె శిక్షణ. మూడు వారాలు చాలవు. పోస్టింగ్ వచ్చాక, ఆ రాష్ట్రంలోనే, ఆ భాష వినపడే చోట ఒక పంటకాలం ఉంచాలి. కేంద్ర ఉద్యోగం కాబట్టి హిందీ రానివాళ్లం ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ పరీక్షలు రాస్తాం. రాశాను, ఉపయోగపడింది కూడా. అలాగే మనం పనిచేసే ఊళ్ల భాషకీ ఏదో ఒక ఏర్పాటుండాలి. నేను ఖాసీ నేర్చుకున్నది కాంగ్ దగ్గర, బజారులో కూరలు కొంటూ. మొదట వచ్చిన మాట ఖుబ్లేయ్ (ధన్యవాదాలు), ఆ తర్వాత అంకెలు, ఆ తర్వాత వాన పేర్లు. పొలంలో దుబాసీ లేకుండా మాట్లాడిన మొదటి రైతు నాతో సున్నం గురించి చెప్పిన ముక్క, అంతకు ముందు దుబాసీ ద్వారా ఎన్నిసార్లు అడిగినా రాలేదు: సున్నం ముట్టుకున్న చేత్తో అల్లం విత్తనం పట్టుకుంటే చర్మం మండుతుంది, అందుకని సున్నం వేసేవాళ్లు, విత్తేవాళ్లు వేరు కావాలి, అంత కూలి లేదు. అది తెలిశాక సున్నం ముందే చాళ్లలో వేసి, మట్టి కలిపి, కొన్నాళ్లు ఆగి విత్తే పద్ధతి పెట్టాం. ఆగడం నేలకీ మంచిదే, సున్నం కరగడానికి వ్యవధి దొరుకుతుంది.

జీతం అడుగుతారు కాబట్టి చెబుతున్నా: ఇప్పుడు మొదటి మూలవేతనం 57,700, పైన అలవెన్సులు. రెండేళ్లు ప్రొబేషన్. పదోన్నతికి పరిశోధన పేపర్లు, ప్రాజెక్టులు, రకాలు, పద్ధతులు అన్నీ లెక్కలోకి వస్తాయి. పేపర్ల వెంట పడి పొలం తగ్గించేవాళ్లు ఉంటారు, వాళ్లని చూసి బాధపడతాను. అమ్మాయిలు భయపడేది దూరం గురించి. పెళ్లయ్యాక ఇద్దరికీ ఒకేచోట ఉద్యోగం కుదరడం కష్టమే, బదిలీకి ఏళ్లు పడుతుంది. ఆ విషయంలో ఇంటివాళ్లతో ముందే మాట్లాడుకోండి.

పోయిన ఏడు మా విభాగంలోకి కొత్తగా ఒకబ్బాయి వచ్చాడు, రాజస్థాన్ నుంచి, ఇసుక నేలల మీద పీహెచ్‌డీ. కాంగ్ రిటైరయ్యే లోపు అతన్ని ఆవిడ వెంట పంపించాను. ఆగర్ తీసుకుని కొండ పైనుంచి లోయదాకా ప్రతి మలుపులో మట్టి తీయడం, ఏ మట్టికి ఊళ్లో ఏ పేరో రాసుకోవడం, ఎవరి బున్ ఏ ఏడు కాల్చిందో అడగడం. ఈ ఖరీఫ్‌లో సున్నం ప్రయోగం మడులు అతనికే అప్పగిస్తున్నా. బుట్టల తూకం పట్టిక అతను అప్పుడే ఒకసారి సరిచూశాడు. వానకి తడిసిన సున్నం బరువెక్కుతుందని, ఎండు తూకం వేరుగా రాయాలని చెప్పాడు. నిజమే, ఆ గడి నా పట్టికలో లేదు. ఈ ఏటి నుంచి పెడుతున్నాం.